లైటు ఆరిందా నాన్నా

గోపన్‌పల్లి,
శనివారం మధ్యాహ్నం

అక్కకు,

నీకు, బావకు, బాపుకు నమస్కారాలు. బాపు మోకాలు నొప్పి ఎలా ఉంది? మేఘకు దగ్గు తగ్గిందన్నావు, సంతోషం. నేను బాగున్నాను.

రజిత చివరి రోజు గురించి ఈ నాలుగు నెలల్లో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. ఫోన్‌లో చెబుదామంటే పక్కనే మేఘ ఉంటుంది, వాళ్లమ్మ మాట దాని చెవిన పడుతుంది. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు మంగళవారం. పొద్దున ఏడున్నరకు రజిత తలనొప్పి అన్నది. టీ తాగి వాంతి చేసుకుంది. ఎనిమిదింటికి ఎడమ చెయ్యి లేవడం లేదన్నది. కారులో ముందు కూర్చోబెట్టాను. మేఘ స్కూలు బట్టల్లోనే వెనక ఎక్కింది. నల్లగండ్ల ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చేసరికి స్టీరింగ్ వెనక పసుపు రంగు ఇంజను లైటు వెలిగింది. నేను బండి పక్కకు తీసి ఆపాను.

ఎందుకు ఆపానో నీకు చెప్పనక్కర లేదు. డిపోలో మనిద్దరినీ తన బస్సు డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి బాపు చెప్పింది నీకూ గుర్తుండే ఉంటుంది. "లైటు ఎలిగినంక ఫర్లాంగు నడిపినా ఇంజన్ పోతది. ముందుగాల పక్కకు పెట్టు." నేను నేర్చుకున్న మొదటి డ్రైవింగ్ పాఠం అదే. బానెట్ ఎత్తి, ఇంజను చల్లారాలని నిలబడ్డాను. క్యాబ్ బుక్ చేస్తే ఒక్కటీ రాలేదు. రజిత తల అద్దానికి ఆనించి, "పోనియ్యి, ఏం గాదు" అన్నది. రెండుసార్లు అన్నది. నేను వినలేదు. ఇరవై నిమిషాలకు ఒక ఆటో ఆగింది. ఆసుపత్రిలో తలలో రక్తస్రావం అన్నారు. సాయంత్రానికి అయిపోయింది. ఇరవై నిమిషాలు ముందు వస్తే ఏమయ్యేదని డాక్టరును అడగలేదు. ఇప్పటికీ ధైర్యం లేదు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. రాయదుర్గం ఆఫీసుకు బస్సులో పోయి వస్తున్నాను. మధ్యాహ్నం క్యాంటీన్లో, సాయంత్రం గేటు పక్కన మెస్సులో తింటున్నాను. వంటగదిలోకి మంచినీళ్ల కోసం తప్ప పోవడం లేదు. వర్షాలు మొదలయ్యాయి. బాల్కనీలో రజిత బట్టలారేసే తాడు మీద పిన్నులు ఇంకా అట్లాగే ఉన్నాయి. ఇవన్నీ రాసి నిన్ను బాధ పెట్టకూడదు. బాగున్నాను.

కారు పోయిన నెల దాకా సెల్లార్‌లోనే ఉంది. మేఘ ఫోన్‌లో నన్ను అడిగేది ఒకటే మాట, "లైటు ఆరిందా నాన్నా?" తిన్నావా అని అడిగేది కాదు. ఎప్పుడొస్తావు అని అడిగేది కాదు. ఆరలేదంటే ఫోన్ నీకిచ్చేసేది. అది వెలగబట్టే అమ్మ పోయిందనుకుంటున్నది. ఆరేదాకా ఇంటికి రానన్నది.

అందుకే పోయిన నెల గచ్చిబౌలిలో ఒక షెడ్డుకు తోలించాను. వాళ్లు మీటరు పెట్టి చూసి, పొగ గొట్టానికి ఆక్సిజన్ సెన్సార్ ఉంటుందని, అది త్వరగా వేడెక్కడానికి లోపల చిన్న హీటర్ ఉంటుందని, ఆ హీటరు పని చేయడం లేదని చెప్పారు. సెన్సార్ మార్చారు. లైటు ఆరింది. ఆ సాయంత్రమే మేఘకు ఫోన్ చేసి చెప్పాను. అది నవ్వింది, అక్కా. మూడో రోజు పొద్దున మళ్లీ వెలిగింది. ఆ రాత్రి అడిగితే అబద్ధం చెప్పలేకపోయాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది.

మొన్న ఆదివారం నువ్వు అన్నది నాకు కోపం తెప్పించలేదు. "పిల్లను ఈడనే బళ్లె వేద్దాం తమ్మీ, నువ్వొక్కనివి ఎట్ల చూసుకుంటవ్" అన్నావు. బావ ఫారం కూడా తెచ్చాడన్నావు. సోమవారం బడి తెరిచేలోపు నా మాట కావాలన్నావు. ఫోన్ పెట్టేసి గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. నాకు మిగిలింది అదొక్కటే. అది లేకపోతే ఈ ఊళ్లో నేను ఎందుకుండాలో తెలియదు.

గురువారం సెలవు పెట్టి లింగంపల్లిలో ఖాజా భాయ్ అనే పాత ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. డిక్కీలో పడేసిన పాత సెన్సార్ అడిగి తీసుకొని మీటరుతో చూశాడు. "మంచిగున్న పన్ను పీకించుకున్నరు సార్. దీని హీటర్ సాఫ్‌గ ఉంది" అన్నాడు. తర్వాత సెన్సార్‌కు కరెంటు వచ్చే వైరుకు టెస్టు బల్బు పెట్టాడు. వెలగలేదు. ఫ్యూజు తీసి చూస్తే మాడిపోయి ఉంది. కొత్తది పెట్టాడు. తాళం తిప్పగానే అదీ పోయింది. వైరు ఎక్కడో బాడీకి తగులుతోందన్నాడు. బండి కిందికి దూరి, ఆ వైరును చేత్తో తడుముకుంటూ పోయి చూపించాడు. పట్టి ఉంచే క్లిప్పు విరిగి వైరు పొగ గొట్టం మీద వాలింది. పై తొడుగు కరిగి రాగి బయటపడింది. బెత్తెడంత లేదు. కోసి, అతికి, తొడుగు వేసి, గొట్టానికి దూరంగా కట్టాడు. ఈసారి ఫ్యూజు నిలిచింది.

నా ముఖం చూసి ధైర్యం చెబుదామనుకున్నాడు. "గీ లైటుకు బండి ఆగదు సార్. షోలాపూర్ దాకా పోయి రావచ్చు. జర పెట్రోల్ ఎక్కువ తాగుతది, గంతే. ఫికర్ చేయకుండ్రి."

నేను అక్కడ స్టూలు మీద కూర్చుండిపోయాను. టీ తెప్పించాడు. తాగానో లేదో గుర్తు లేదు.

బండి నడిచేది, అక్కా. ఆపకపోయినా నడిచేది.

ఈ మాట బాపుకు చెప్పకు. ఆయన చెప్పింది ఆ బస్సులకు నిజమే. ఆయనకు తెలిస్తే తట్టుకోలేడు. ముప్పై ఏళ్లు ఆ మాట మీదే ఒక్క బండి పాడుకాకుండా నడిపాడు. తప్పు ఆయనది కాదు. పక్కన మనిషి పోనియ్యమంటే వినాల్సింది నేను.

మూడు పొద్దులు ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి చూడమన్నాడు ఖాజా భాయ్. నిన్న, ఇవాళ చూశాను, వెలగలేదు. రేపటిది మూడోది.

ఈ ఉత్తరం మా వాచ్‌మన్ ఎల్లయ్య చేతికిస్తున్నాను. సాయంత్రం బస్సుకు జనగామ వస్తున్నాడు, ఇంటికే తెచ్చిస్తాడు. అన్నం పెట్టి పంపు. మేఘకు ఏమీ చెప్పకు. ఎందుకు ఆపానో, ఆపకపోయినా బండికి ఏమీ అయ్యేది కాదని ఇప్పుడు తెలిసిందని దానికి నేనే చెప్పాలి. విన్నాక నాతో వస్తుందో రాదో అదే చెప్పనీ. రానంటే ఫారం మీద సంతకం పెడతాను. దాని రెండు జతల బట్టలు మాత్రం సంచిలో సర్ది ఉంచు. వాళ్లమ్మ అల్లిన ఎర్ర స్వెటర్ మర్చిపోకు.

బాపు కాళ్లకు నా దండం చెప్పు. నువ్వూ బావా నా మీద దయ ఉంచండి.

రేపు పొద్దున ఆరింటికి బండి స్టార్టు చేస్తాను. లైటు వెలిగినా, వెలగకపోయినా మీ దగ్గరికి బయలుదేరతాను. దారిలో ఎక్కడా ఆపను.

నీ తమ్ముడు
సుధాకర్