అక్కకు దక్కని చదువు

అక్కా,

చెల్లె సుజాత దండాలు. కోరుట్లలో నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. బాపు పోయాక నీ దగ్గరే ఉంటున్న అవ్వకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నేను బాగానే ఉన్నాను, నా గురించి రంది పెట్టుకోకు. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేంటని అనుకుంటావు. ఫోన్‌లోనే చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టాను. చివరికి పచ్చిపులుసు ఎట్లా చేయాలో అడిగి పెట్టేశాను. దీన్ని ముందు నువ్వొక్కదానివే చదువు.

ఇంగ్లండ్‌లో చలి మొదలైంది. సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతోంది. వృద్ధాశ్రమంలో నా పని మామూలే, ముసలివాళ్లను లేపడం, స్నానం చేయించడం, తినిపించడం. బియ్యం దొరుకుతాయి గానీ మామిడికాయ తొక్కు అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పంపు.

మాకు వారానికోసారి ఇంగ్లిష్ క్లాసు ఉంటుంది. పోయిన వారం టీచరమ్మ బోర్డు మీద ‘డిప్రైవేషన్’ అని రాసింది. లేమి అన్నమాట అనుకున్నాను. అంతే కాదట. ఊరికే లేకపోవడం వేరు, రావలసింది దక్కకుండా పోవడం వేరట. ఆ మాటతో తలా ఒక వాక్యం చెప్పమంది. మా అక్కకు చదువు దక్కలేదని చెప్పాను. బాగా చెప్పావని మెచ్చుకుని, “ఎవరి వల్ల?” అని అడిగింది. మా నాన్న పేదవాడన్నాను. చనిపోయిన బాపు మీదికి నెట్టేసి వచ్చాను, అక్కా.

నీ ఏడో తరగతి అయిపోయిన ఎండాకాలం గుర్తుందా? గురుకులం పరీక్ష రాశావు. ఒకరోజు నువ్వూ అవ్వా ఇంట్లో లేనప్పుడు పోస్టుమన్ వచ్చి, ఉత్తరం విప్పి చదివి నా చేతికి ఇచ్చాడు. “మీ అక్కకు సీటచ్చింది, మీ బాపుకు జెప్పు” అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నువ్వు పోతే నాకు జడ ఎవరేస్తారు, నేనెవరి పక్కన పడుకోవాలి, అదే ఆలోచన. ఉత్తరాన్ని బియ్యం డబ్బా కింద దాచాను. చేరే గడువు దాటాక భయమేసి పొయ్యిలో వేశాను.

తంగళ్ళపల్లి పక్కన మన ఊళ్లో బడి ఏడు వరకే. “సీటు రాకపాయె. సిరిసిల్లకు బస్సుల ఒక్కదాన్ని ఎట్ల పంపుత?” అన్నాడు బాపు. నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు అవ్వ పక్కన కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టావు. తర్వాత మన ఊరికి హైస్కూలు వచ్చింది. అందులో నేను చదువుకున్నాను.

నన్ను ఇక్కడికి సాగనంపేటప్పుడు ఎయిర్‌పోర్టులో నువ్వు అన్నావు: “నాది మొద్దు తలకాయ చెల్లె. గా పరీక్ష పాసైతే నేను సుత ఎటన్న పోదును. నువ్వన్న తెలివిగల్లదానివైనవ్.” అప్పుడైనా చెప్పాల్సింది. టైమవుతోందని లోపలికి నడిచాను. చదువొక్కటే కాదక్కా, ఇన్నేళ్లు నీ మీద నీకున్న నమ్మకాన్ని కూడా నీకు దక్కకుండా చేశాను.

కోపమొస్తే తిట్టు. కొన్నాళ్లు మాట్లాడకపోయినా నేనేమీ అనుకోను. అవ్వకు, బావకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. ఫోన్ పెట్టే ముందు ఎప్పుడూ నీ దీవెన అడిగేదాన్ని, ఈసారి అడగను. నువ్వు ఆ పరీక్ష పాసయ్యావు. బావకూ పిల్లలకూ ఆ సంగతి చెప్పు. ఉత్తరం ఎవరు కాల్చారో కూడా చెప్పు.

నీ చెల్లె,
సుజాత