పెట్టె తాళం

1961 ఆషాఢం, బుధవారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. రమణమ్మకు నొప్పులు మొదలై రెండు రోజులైనా, ఈ జాలరి పాళెం నర్సుగా నేనెంత చెప్పినా, కావలి ఆసుపత్రికి పంపడానికి ఆమె అత్త ఒప్పుకోలేదు. కాన్పు కష్టమైతే ఇంట్లో తాళాలన్నీ తీయాలట. ట్రంకుపెట్టె ఒక్కటే మిగిలింది. దాని తాళంచెవి సముద్రం మీద వేటకు పోయిన కొడుకు మొలతాడుకే ఉంది.

"అది తెరవందే కోడల్ని గడప దాటనీను నర్సమ్మా" అంది.

వాదించే ఓపిక లేక, రోకలి తీసుకుని నేనే తాళం పగలగొట్టాను. అప్పుడు బండి కట్టారు. కావలిలో డాక్టరమ్మ ఫోర్సెప్స్ పటకారు వేసి బిడ్డను తీసింది. ఇద్దరూ బతికారు.

సాయంత్రం అత్త పాళెమంతా చెప్పుకొచ్చింది: "నర్సమ్మ తాళం పగలగొట్టింది, బిడ్డ బయటపడినాడు."

డాక్టరమ్మ ఊసే లేదు. ఇకమీదట ఎవరికి కాన్పు ఆలస్యమైనా ముందు రోకలి వెతుకుతారు, బండి కాదు. ఆ రోకలి వాళ్ల చేతికిచ్చింది నేనే.