బైండింగు గదికి ఇరవై మూడు డిగ్రీలు

అత్తయ్యగారికి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, వేళకు పనికి వెళ్తున్నాను. మీరూ మామయ్యగారూ కులాసా అనుకుంటాను. కంటి కట్టు విప్పగానే ఆయన ముందు పేపరు అడిగారని రాశారు. ఆపరేషన్ బాగా జరిగిందనడానికి వేరే గుర్తు అక్కర్లేదు.

మీరడిగినవాటికి జవాబులు రాస్తాను. మీ అమ్మాయి బట్టలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. బీరువా తలుపు బిగుసుకుపోయిందని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. తలుపు బాగానే తెరుచుకుంటుంది. కాళ్ల నొప్పులకు మీరు పంపిన నూనె అందింది. రాసుకుంటున్నాను.

లైబ్రరీలో తన పని ఇప్పుడు ఎవరు చూస్తున్నారని అడిగారు. నేనే. నా పని పుస్తకాల జాబితా వరకే అయినా, తన కంప్యూటర్ గురించి కాస్తో కూస్తో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కదా అని అప్పజెప్పారు. దాని గురించే మీకు ఒక సంగతి చెప్పాలి. కొంచెం వివరంగా రాయాలి, విసుక్కోకండి.

మా భవనంలో తొంభై నాలుగు గదులు. ఏ గదిలో ఎంత వేడి ఉండాలో, ఏ వేళకు ఏ దీపం వెలగాలో తన కంప్యూటరే చూసుకుంటుంది. ఆ వివరాలన్నీ లోపల చెట్టులా అమర్చి ఉంటాయి. భవనం మొదలు, అంతస్తులు కొమ్మలు, గదులు రెమ్మలు. ఏ గదికైనా సొంత అంకె లేకపోతే తన అంతస్తు అంకెనే తీసుకుంటుంది. ఈ చెట్టంతటినీ వరుసలుగా రాసి ఒక ఫైల్లో దాచిపెడతారు. కొత్త యంత్రం వచ్చినప్పుడు ఆ ఫైల్ ఇస్తే, అది ఒక్కో వరుసా చదివి, ఏ కొమ్మలో ఏ రెమ్మో వెతుక్కుంటూ వెళ్లి, ఆ అంకెను అక్కడ తగిలిస్తుంది. ఏదైనా వరుస ముందు ఒక చిన్న గుర్తు పెడితే దాన్ని చదవకుండా దాటిపోతుంది.

పోయిన నెల కొత్త యంత్రం వచ్చింది. ఎక్కించే ముందు మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చుని మీ అమ్మాయి ఫైల్ మొత్తం చదివాను. మూడు వందల పన్నెండు వరుసలు. కొన్నిటి పక్కన కారణం కూడా రాసుకుంది. పిల్లల గది: నేల మీద కూర్చుంటారు. గేటు గది: తలుపు మాటిమాటికీ తెరుస్తారు. తను మాట్లాడినట్టే ఉంది. తను పోయిన ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు విన్నాను.

నా గది కోసం వెతికాను. లేదు. నా గది రెండో అంతస్తు అంకెనే తీసుకుంటోంది, మెట్ల పక్కన చీపుర్లు పెట్టే గదిలాగే.

నేలమాళిగ వరుసల దగ్గరికి వచ్చాను. పాత పుస్తకాలకు చలి మంచిది కాబట్టి కింద మొత్తానికి పదహారు డిగ్రీలు. ఒక్క బైండింగు గదికి మాత్రం ఇరవై మూడు. పక్కన కారణం: ఆయన అడగరు.

ఆయనంటే బైండింగు మేస్త్రి. భార్య లేదు, పెద్దగా మాటలూ లేవు. మీ అమ్మాయి రోజూ నాలుగింటికి కిందికి వెళ్లి వచ్చేది. ఒకసారి అడిగాను.

"కింద నీకేం పని?"

"వేడి సరిపోతోందో లేదో చూడొద్దా?"

"నా గదిలో ఎప్పుడైనా చూశావా?"

"నీకు నోరుందిగా, చూడ్డమెందుకు?"

అప్పుడు నవ్వాను. ఆ వరుస చదివిన రోజు నవ్వు రాలేదు. ఇంట్లో చలిగా ఉందంటే స్వెట్టర్ వేసుకోమనేది నాతో. ఆయనకు ఏడు డిగ్రీలు ఎక్కువ, అదీ అడక్కుండానే.

అత్తయ్యగారూ, ఆ వరుస ముందు గుర్తు పెట్టి ఫైల్ ఎక్కించాను. పొరపాటున కాదు. ఇంకెవరికీ కనిపించదు కూడా. బైండింగు గది పదహారుకు దిగిపోయింది.

వారం తర్వాత, గదులు ఊడ్చే ఆవిడ వచ్చి చెప్పింది.

"సార్, కింద మేస్త్రిగారు వేడినీళ్ల గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంటున్నారు. వేళ్లు వంగట్లేదంట."

"ఆయన చెప్పమన్నారా?"

"ఆయనా? ఆయన నోరు విప్పితే ఆ పుస్తకాలు లేచి చప్పట్లు కొడతాయి."

చూస్తాను అన్నాను. చూడలేదు. ఇంకో నాలుగు రోజులకు అట్ట కోస్తుంటే ఆయన చేతిలో కత్తి జారింది. బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి.

ఆ సాయంత్రమే కిందికి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెబుదామనే వెళ్లాను. ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తో జిగురు రాస్తున్నారు.

"మేస్త్రిగారూ, ఈ గదిలో వేడి..." అన్నాను.

"అవునండీ. పోయిన రెండు చలికాలాలూ వెచ్చగా గడిచాయి. పైకి వెళ్లే వేడినీళ్ల గొట్టం ఈ గోడలోంచే పోతుంది కదా, దాని పుణ్యమే అనుకున్నాను. ఈసారి గొట్టానికేదో అయినట్టుంది."

"మా ఆవిడ రోజూ వచ్చేది కదా ఇక్కడికి?"

"వచ్చేవారు. తలుపు దగ్గరే నిలబడి, జేబులోంచి చిన్న థర్మామీటర్ తీసి చూసుకుని వెళ్లిపోయేవారు. పుస్తకాల కోసం అనుకుంటానండీ. నాతో ఏం పని ఆవిడకి?"

ఆయనకు తెలియదు. రెండు చలికాలాలు ఆ వేడిలో కూర్చుని, అది గొట్టం ఇచ్చిందనుకున్నారు. మీ అమ్మాయి చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. అయినా "గొట్టం సంగతి నేను చూస్తాను" అని పైకి వచ్చేశాను. వరుస ముందు గుర్తు తీసేసి ఫైల్ మళ్లీ ఎక్కించాను. మర్నాడు ఆయన మెట్లెక్కి నా గది దాకా వచ్చారు. కట్టుతోనే రెండు చేతులూ జోడించి, "వెచ్చగా ఉందండీ, మీ మేలు మర్చిపోను" అన్నారు. పరవాలేదండీ అన్నాను.

మీ అమ్మాయి మనసులో ఆయన మీద ఏదో ఉందన్న అనుమానం పోయింది. అసూయ పోలేదు. ఒక మనిషి ముఖం చూసి చలి కనిపెట్టి, ఏడు డిగ్రీలు ఇచ్చి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. అలాంటిది తను నాకూ చేసి ఉంటే, అది ఏమిటో నాకు తెలియదు. ఆయనకు చేసింది మాత్రం రాతపూర్వకంగా ఉంది. చెబితే అది ఆయన సొంతమవుతుంది. చెప్పకపోతే నా దగ్గర ఉంటుంది.

వేలు తెగింది నా వల్ల. దండం దక్కింది నాకు. ఇది తప్పని తెలిసే రాస్తున్నాను. వెళ్లి చెప్పమని మీరు ఒక్క ముక్క రాస్తే ఆ రోజే కిందికి వెళ్లి, ఆపింది నేనని, ఇచ్చింది తనని చెబుతాను. మీరు రాయకపోతే నా అంతట నేను చెప్పను.

మామయ్యగారికి నా నమస్కారాలు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాలో వద్దో మీ ఇష్టం.

ఇట్లు,
మీ జవాబు కోసం చూసే
మీ అల్లుడు