నాన్న చక్రాలకు లోపలి నట్లు

ఒరేయ్ ఫెర్గస్,

నేను లాంగ్‌రీచ్‌లో డ్యూటీకి వెళ్తున్నాను. ఫ్రిజ్‌లో మటన్ కూర ఉంది, వేడి చేసుకుని తిను. కుక్క ఎంత దీనంగా చూసినా దానికి పెట్టకు.

గుర్రప్పందేలకు ఎస్‌యూవీ బయటికి తీసేముందు లోపలి నట్లు బిగించు. పైకి కనిపించేవి కాదు. నాన్న ఐదు బోల్టుల చక్రాలు మన ఆరు బోల్టుల బండికి పట్టాలని మధ్యలో అడాప్టర్లని ఇనప బిళ్ళలు పెట్టావే, వాటిని బండికి పట్టి ఉంచేవి. చక్రం ఊడదీస్తే గానీ అవి కనిపించవు. నిన్న అడిగితే "కొత్తవక్కా, ఎక్కడికి పోతాయి?" అన్నావు. అలల్లా గతుకులు తేలిన మన మట్టిరోడ్డు మీద పళ్ళే వదులవుతాయి, నట్లెంత? పొద్దున్నే మూడు చక్రాలు విప్పి చూశాను. రెండింటికి నట్లు చేత్తోనే తిరిగాయి. అన్నీ బిగించేశాను. నా నడుము సంగతి అడక్కు. నాలుగోది నీకు వదిలేశాను.

చక్రాలు కప్ప కళ్ళలా బయటికి పొడుచుకొచ్చాయని వారంగా నిన్ను ఏడిపిస్తున్నాను గానీ, నాన్న పోయాక షెడ్డులో పడున్నవి మళ్ళీ మన వాకిట్లో తిరుగుతుంటే బాగానే ఉందిరా. ఈ మాట నీ స్నేహితుల దగ్గర అనకు.

చీకటి పడకముందే ఇంటికి రా, కంగారూలు అడ్డొస్తాయి.

మోరాగ్ అక్క

బండి తాళం కోసం ఇల్లంతా వెతక్కు. రెండోది నా దగ్గరే ఉంది. నీది ఆ నాలుగో చక్రం ఊడదీసి, లోపల అడాప్టర్‌కు టేపుతో అంటించి, చక్రం మళ్ళీ పెట్టేశాను. అంటిస్తూ చూశాను, అక్కడి నట్లూ వదులే.