ఎండు మొద్దు కింద తేలు

ఆదివారం, అన్నాలు తిన్నాక

నేను చెబుతున్నాను, మనవరాలు లత రాస్తోంది. "నా ముచ్చట వద్దు బాపమ్మా" అంటోంది. "చెప్పింది చెప్పినట్టు రాయవే" అన్నాను.

"ఇంట్ల గ్యాస్ ఉండంగ పిల్లను కట్టెలకెందుకు తోల్కపోతవే అవ్వా?" అని నా కొడుకు వారం నుంచి కొట్లాడుతున్నాడు. వాడికేం తెలుసు? పచ్చికొమ్మ విరవకూడదని, తన నెత్తికి తానే ఎత్తుకోగలిగినంతే మోపు కట్టాలని ఈ పిల్ల కట్టెలేరుతూనే నేర్చుకుంది.

ఇవాళ అడవిలో మంచి ఎండు మొద్దు కనబడితే ఆశకొద్దీ చెయ్యి చాపాను.

"ఆగు బాపమ్మా! పొర్లించి సూడకుంటనే పట్టుకుంటవా?" అని గద్దించి, లత కర్రతో మొద్దును పొర్లించింది. కింద నల్లతేలు. ఆ జాగ్రత్త నేను నేర్పిందే. తొందరలో నేను మరిచాను, అది మరవలేదు.

ఇది చెబితే కొడుకు రేపటి నుంచి దాన్ని అడవికి పంపడని తెలుసు. అయినా దాని తెలివిని దాచడానికి మనసొప్పలేదు. అంతా చెప్పేశాను.

"ఇగ నువ్వొక్కదానివి అడివికి పోకు" అన్నాడు వాడు. "లత ఎంబడి ఉంటెనే పో."

నన్ను కాయడానికి పిల్లను పెట్టాడు! వాడి మాటకు ఎన్నడూ తల ఊపని నేను, ఈసారి సరేనన్నాను.