నాన్న గీసిన గీత

మార్చి 3, సోమవారం

నాన్నతో పరాచికాలాడబోయి నేనే బోల్తాపడ్డాను. నాన్న మా తాకట్టు కంపెనీలో అప్రైజర్, ముప్పై ఒక్క ఏళ్ళ నుంచీ. తెచ్చిన నగ అసలుదో నకిలీదో ఆయన తేలుస్తారు. పక్క సీట్లో నేను తూకం వేసి, పొట్లం కట్టి, సీలు వేస్తాను. ఇవాళ బస్టాపులో కొన్న గిల్టు గాజును ఎవరో కస్టమర్‌దని చెప్పి ఆయన ముందు పెట్టాను. గీటురాయి మీద గీశారు. గీతను వెలుతురుకి తిప్పి చూసి, ఇరవై రెండు క్యారెట్లు, రాసుకో అన్నారు.

పకపకా నవ్వాను. ఎందుకే ఆ నవ్వు అని అడిగారు. ముఖంలో ఎగతాళి లేదు. ఏమీ లేదు నాన్నా అన్నాను.

మార్చి 4

ఆ గాజు నిజంగానే బంగారం అయ్యుండకూడదా అని ఆశ. సిగ్గులేని ఆశ!

వంటింట్లో కూర్చుని తెలిసిన చిట్కాలన్నీ వేశాను. అయస్కాంతానికి అంటుకోలేదు. సంబరపడబోయాను గానీ ఇత్తడి కూడా అంటుకోదు కదా. వెనిగర్ చుక్క వేసి పావుగంట ఆగాను. రంగు మారింది. టైలు ముక్క వెనకవైపు గరుకు మీద గీస్తే బంగారానికి పసుప్పచ్చ గీత రావాలి, నల్లగా వచ్చింది. ఆఖరికి చిన్న డిజిటల్ స్కేలు మీద నీళ్ళ గ్లాసు పెట్టి, గాజును దారం కట్టి అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీశాను. పన్నెండు గ్రాముల గాజు. బంగారమైతే స్కేలు గ్రాము కూడా పెరగకూడదు. దాదాపు గ్రామున్నర పెరిగింది.

అమ్మ వచ్చి, నీ లాబొరేటరీ తగలెయ్యా, స్టవ్ దగ్గర్నుంచి లెమ్మని కసిరింది.

మార్చి 6

యాసిడ్ వాడటం ఎందుకు మానేశారని నాన్నను అడిగాను. గీత మీద ఒక్క చుక్క వేస్తే నకిలీదైతే చెరిగిపోతుంది. నా కన్నే యాసిడ్ అన్నారు. సీసా మూత మీద దుమ్ము వేలి మందాన ఉంది.

మార్చి 7

బతిమాలి, బెదిరించి కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. శుక్లాలట. రెండు కళ్ళకీ బాగా ముదిరాయట. ఇలాంటివాళ్ళకు అన్నీ పసుప్పచ్చగా కనిపిస్తాయి, నెమ్మదిగా వస్తుంది కాబట్టి వాళ్ళకే తెలియదు అన్నాడు డాక్టరు. 20న ముందు కుడి కంటికి ఆపరేషన్.

నాన్న దారంతా డాక్టరును తిట్టారు. ఎన్నేళ్ళ పొట్లాలు, ఎన్నేళ్ళ పొట్లాలు అని నేను దారంతా అదే అనుకున్నాను.

మార్చి 11

సెంటాయన వచ్చాడు. మనిషి కంటే ముందు వాసన లోపలికొస్తుందని ఆ పేరు పెట్టుకున్నాం. వారానికి రెండుసార్లు నగలు తాకట్టుకి తెస్తాడు. రెండో కౌంటర్ ఖాళీగా ఉన్నా నాన్న దగ్గరే నిలబడతాడు. ఇదివరకు అదంతా గౌరవం అనుకునేదాన్ని.

ఆపరేషన్ సంగతి ఎవరు చెప్పారో మరి, తొందరపడకండి పెద్దాయనా, ఉన్న చూపు కాస్తా పోతుంది అన్నాడు. శుక్లాలు కరుగుతాయని చుక్కల మందు కూడా తెచ్చిచ్చాడు. నాన్న మురిసిపోయారు. కన్నకొడుకైనా ఇంత పట్టించుకోడే అన్నారు.

మందు సింకులో పోసేశాను.

మార్చి 12

లంచ్ టైములో లాకర్ గదిలో సెంటాయన పొట్లం ఒకటి విప్పాను. గ్లాసు, దారం, స్కేలు. నకిలీ.

ఇంకోటి విప్పాను. నకిలీ.

గబగబా మళ్ళీ సీలు వేశాను.

మార్చి 13

మూడోది ముట్టుకోలేదు.

మార్చి 17, సోమవారం

బస్టాపులో సెంటాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. వాసనకే పక్కకి జరిగాను. నవ్వుతూ, ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. నీ సీళ్ళు ఈమధ్య వంకరగా పడుతున్నాయటమ్మా అన్నాడు. లోపలి మాట ఇతని దాకా ఎవరు మోశారు? నేను తెచ్చినవి అసలువేనని పెద్దాయన సంతకం పెట్టారు, కింద నువ్వూ పెట్టావు, తర్వాత అందులో ఇంకేదైనా ఉందంటే పొట్లం విప్పిందెవరో వాళ్ళనే అడుగుతారు తల్లీ అన్నాడు. ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది.

మార్చి 18

మేనేజర్‌కి చెప్పేద్దామని క్యాబిన్‌లోకి వెళ్ళాను. లీవ్ లెటర్ ఇచ్చి తిరిగొచ్చాను. పిరికిదాన్ని.

చెబితే నాన్న జైలుకి. నేనూ జైలుకి. ఆపరేషన్ వద్దని చెప్పేస్తే? చూపు రాకపోతే ఆయనకి ఎప్పటికీ తెలియదు. ఛీ, కన్నకూతురు అనుకోవలసిన మాటేనా ఇది? కానీ అనుకున్నాను. రెండుసార్లు.

మార్చి 20

ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు.

మార్చి 22

కట్టు విప్పారు. జుట్టు ఇంత తెల్లబడిపోయిందేంటి అని నాన్న అమ్మను అడిగారు. ఇన్నాళ్ళకు నా ముఖం చూశారా అని అమ్మ మూతి తిప్పింది. ఇద్దరూ ఒకటే నవ్వు.

కాసేపటికి చూస్తే నాన్న ఒక కన్ను మూసి గోడను చూస్తున్నారు. తర్వాత రెండోది మూసి చూస్తున్నారు. మళ్ళీ అదే. మళ్ళీ.

మార్చి 23

మధ్యాహ్నం నాన్న అమ్మ దగ్గర బంగారు ఉంగరం అడిగి తీసుకున్నారు. ఇంట్లో ఉన్న పాత గీటురాయి మీద ఉంగరంతో ఒక గీత, పక్కనే బీరువా ఇత్తడి తాళంచెవితో ఒక గీత గీశారు. కొత్త కన్ను మూసి పాత కంటితో చూశారు. పాతది మూసి కొత్త కంటితో చూశారు. రాయి కింద పెట్టేశారు.

నీకెప్పట్నుంచి తెలుసు అన్నారు. భోరున ఏడుస్తూ అంతా చెప్పేశాను. సెంటాయన బెదిరింపు కూడా. తిట్టలేదు. తిడితే బావుండేది. నువ్వు పొట్లాలు విప్పకుండా ఉండాల్సిందమ్మా అన్నారు, అంతే.

మార్చి 24, సోమవారం

మేనేజర్‌కి ఉత్తరం. నాన్న చెబుతుంటే నేనే రాశాను. తప్పంతా తనదే అని. ఆ పొట్లాలు విప్పిందీ, మళ్ళీ సీలు వేసిందీ కూడా తనే అని. అది అబద్ధం కదా నాన్నా అన్నాను. రాయమన్నారు. రాశాను.

సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించాను.

అక్కర్లేదే, కనిపిస్తోంది అన్నారు.