జొన్న ఎన్నాళ్ళు ఆగుతుంది

పెరటాసి నెల, మంగళవారం రాత్రి. గుడియాత్తం.

వరి ముందే ఎండిపోయింది. ఇక బావిలో ఒక్క చేనికి సరిపడే నీళ్ళే ఉన్నాయి. వేలూరు బడి నుంచి సెలవుకు వచ్చిన నన్ను నాయన పొద్దున గట్టు మీద నిలబెట్టి అడిగాడు: "చదివిన బిడ్డవి, నువ్వే చెప్పమ్మా. నీళ్ళు జొన్నకా, సెనక్కాయకా?"

జొన్న ఆకులు చుట్టలు చుట్టుకుని, చూస్తేనే దిగులు పుట్టేలా ఉన్నాయి. వేరుశనగ ఇంకా పచ్చగానే ఉంది. అయినా నేను వేరుశనగకే అన్నాను. జొన్న ఆకు ముడుచుకుని, పెరగడం మానేసి, వాన కోసం ఆగుతుంది. వేరుశనగ ఊడలు మాత్రం ఇప్పుడే నేలలోకి దిగాలి. నేల గట్టిపడితే దిగలేవు, కాయే ఉండదు. బడిలో అలాగే చదివాను.

"కాచుకోనుంటానని జొన్న నీ చెవిలో వచ్చి చెప్పిందా?" అంది అమ్మ. "సెనక్కాయ అమ్మేదానికి. జొన్న మనం తినేదానికి. మరిచిపోయినావా?"

"ఊరికుండుమే. బిడ్డ చదివి చెప్తా ఉండాది," అంటూ నాయన నీళ్ళు తోడే కపిలకు ఎద్దులను కట్టాడు. సాయంత్రానికి బావి అడుగు కనబడింది.

జొన్న ఆగుతుందని పుస్తకంలో ఉంది. ఎన్నాళ్ళు ఆగుతుందో మాత్రం లేదు. ఈ సంగతి అన్నం తినేటప్పుడు తట్టింది. అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. నాయనకు చెబుదామని ఇందాక వాకిట్లోకి వెళ్ళాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇన్నాళ్ళూ రాత్రుళ్ళు నిద్ర పట్టక మంచం మీద పొర్లిన మనిషి గాఢంగా నిద్రపోతున్నాడు.

నేను చెప్పాను కదా అని.